కూలిన చోటి నుంచే కౌంట్‌డౌన్

2018 డిసెంబర్ 21న ఫిల్మ్‌నగర్ నుంచి ఓ అరుదైన సినిమా థియేటర్లకు వచ్చింది. పేరు ‘అంతరిక్షం 9000 కేఎంపీహెచ్’. ‘ఘాజీ’తో ప్రేక్షకుల్ని సముద్ర గర్భానికి తీసుకెళ్లిన సంకల్ప్ రెడ్డి ఈసారి భూకక్ష్యలోకి ఎక్కించారు. వరుణ్ తేజ్ పోషించిన దేవ్ ఒక శాస్త్రవేత్త. తను నమ్మి చేసిన ప్రయోగం విఫలమైతే తట్టుకోలేక ఉద్యోగం వదిలి వెళ్లిపోతాడు. ఏళ్లు గడిచాక ఓ ఉపగ్రహం అదుపు తప్పుతుంది. దాన్ని దారిలో పెట్టగలిగినవాడు అతనొక్కడే. వెతికి పట్టుకుని మళ్లీ తీసుకొస్తారు.

పడినవాడు లేచి నిలబడే కథ తెలుగు సినిమాకు కొత్త కాదు. తెర మీదే కాదు, తెర వెనకా అదే బతుకు. ఒక శుక్రవారం తర్వాత ఫోన్ మోగడం మానేసిన దర్శకుడి ఇంటి ముందు, మరో శుక్రవారం తర్వాత కార్లు ఆపడానికి చోటు దొరకదు. జూబ్లీహిల్స్ వాసులు దీన్ని చూస్తూనే ఉంటారు. అందుకే దేవ్ కథ ఆ పరిశ్రమకు బాగా తెలిసిన కథ.

తెరకు పట్టని కథ ఒకటుంది. సూళ్లూరుపేట దాటి, పులికాట్ సరస్సు మీదుగా వేసిన రోడ్డు వెంట వెళ్తే వచ్చే శ్రీహరికోటలో అది చాలాసార్లు జరిగింది. అక్కడ ఒక్క దేవ్ ఉండడు. ఏసీ గదిలో బల్ల చుట్టూ కూర్చుని, సెకనులో పదో వంతు చొప్పున రాకెట్ ఆఖరి క్షణాలను మళ్లీ మళ్లీ చూసే ఇంజినీర్లు ఉంటారు. వాళ్లకు నేపథ్య సంగీతం ఉండదు. వాళ్లు వెతికేది ఒక వాల్వ్, ఒక సీలు, ఒక వైరు. అది దొరికి, ఇదీ తప్పు అని కాగితం మీద రాసిన రోజే తర్వాతి ప్రయోగానికి అసలు కౌంట్‌డౌన్ మొదలవుతుంది.

శ్రీహరికోట నుంచి 1971 అక్టోబర్ 9న తొలి రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరింది. అప్పటి నుంచీ అక్కడ లేచిన రాకెట్లన్నీ సరుకు మోసినవే. టీవీ ప్రసారాలు, వాతావరణ సమాచారం, దారి చూపే సంకేతాలు, స్కూలు పిల్లలు చేసిన చిన్న పెట్టెలు, ఇలా ఏదో ఒక బరువు. మనిషి లేడు కాబట్టి కూలినా ప్రాణం పోదు. కానీ ఏళ్ల తరబడి చేసిన పని కొన్ని నిమిషాల్లో బంగాళాఖాతంలో కలిసిపోతుంది. సూళ్లూరుపేటలో మేడలెక్కి చూసేవాళ్లకు ఆ సంగతి వెంటనే తెలియకపోవచ్చు. మిషన్ కంట్రోల్ గదిలో మాత్రం తెర మీద అనుకున్న గీత నుంచి రాకెట్ గీత పక్కకు జరిగిన క్షణంలోనే తెలిసిపోతుంది.

1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 కూలిన కథ తెలుగువాళ్లకు బాగా తెలిసిందే. అబ్దుల్ కలాం మిషన్ డైరెక్టర్. విలేకరుల ముందుకు ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ వచ్చి నింద తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న విజయం దక్కినప్పుడు కలాంనే ముందుకు పంపారు. ఈ కథ చెప్పినంతగా ఎవరూ చెప్పనిది వాల్వ్ కథ. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో మూసుకోవాల్సిన వాల్వ్ మూసుకోలేదు. ఆక్సిడైజర్ ముందే కారిపోయింది. రెండో దశ వంతు వచ్చేసరికి రాకెట్‌ను తిప్పే శక్తి మిగల్లేదు. ధావన్ పెద్దమనసు ఎంత గొప్పదైనా, ఆ వాల్వ్‌ను పట్టుకోకపోతే 1980 జులై వచ్చేది కాదు.

అల్లరి పిల్లాడు

ఇస్రోలో ఈ పేరు జీఎస్ఎల్‌వీది. దాదాపు 49 మీటర్ల ఎత్తు, 415 టన్నుల బరువు. మధ్యలో ఘన ఇంధన మోటారు, దాని చుట్టూ నాలుగు ద్రవ ఇంధన స్ట్రాపాన్‌లు, పైన రెండో దశ, ఆ పైన క్రయోజెనిక్ దశ. పిలుపు ముద్దుగానే ఉంటుంది. దాని వెనక పోగొట్టుకున్న ఉపగ్రహాలు ఉన్నాయి.

మొదటి అల్లరి నేల మీదే చేసింది. 2001 మార్చి 28న కౌంట్‌డౌన్ చివరి క్షణానికి వచ్చింది. నాలుగు స్ట్రాపాన్‌లలో ఒకటి సరిపడా తోపుడు శక్తి అందుకోలేదు. లేవడానికి ఒక్క సెకను ముందు కంప్యూటర్ అన్నిటినీ ఆపేసింది. అడుగున పొగ, మంట. రాకెట్ మాత్రం నిలబడే ఉంది. తప్పు సరిచేసి ఏప్రిల్ 18న అదే రాకెట్‌ను ఎగరేశారు. లేవకముందే దొరికిన తప్పుకు మూడు వారాలు చాలాయి. లేచాక దొరికే తప్పు ఏళ్లు అడుగుతుంది. శ్రీహరికోట చరిత్ర అంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది.

2006 జులై 10 సాయంత్రం జీఎస్ఎల్‌వీ-ఎఫ్02 ఇన్శాట్-4సీని మోసుకుని లేచింది. డీటీహెచ్ సేవలకు ఎదురుచూస్తున్న ఉపగ్రహం అది. ఒక నిమిషం తిరిగేసరికి ముక్కలై సముద్రంలో పడింది. శ్రీహరికోట ప్రయోగ కేంద్రం షార్ మాజీ డైరెక్టర్ కె. నారాయణ నేతృత్వంలో కమిటీ వేశారు. వాళ్లు తేల్చింది చదివితే ఒళ్లు జలదరిస్తుంది. తప్పు జరిగింది నిమిషానికి కాదు, లేచిన 0.2 సెకన్లకే. నాలుగు స్ట్రాపాన్‌లలో ఒకటి అప్పుడే ఆగిపోయింది. మిగతా మూడింటితో రాకెట్ దాదాపు 50 సెకన్లు తనను తాను నిలదొక్కుకుంటూ ఎగిరింది. ధ్వని వేగాన్ని దాటే దశకు రాగానే గాలి ఒత్తిడికి తట్టుకోలేక విరిగింది.

ఆ స్ట్రాపాన్ ఎందుకు ఆగింది? ఇంజిన్ గ్యాస్ జనరేటర్‌లోకి ఇంధనం ఎంత వెళ్లాలో చూసే ఓ చిన్న రెగ్యులేటర్. తయారీలో పొరపాటు వల్ల మూసి ఉన్నప్పుడు కూడా అది వదలాల్సిన దానికన్నా ఎక్కువ వదిలింది. తయారీలో జరిగిన పొరపాటు తనిఖీలోనూ దొరకలేదు, పరీక్షల్లోనూ దొరకలేదు. ఈ మాట ఇస్రో దాచుకోలేదు. డిజైన్ మంచిదేనని, ఒక్క విడిభాగం తప్పని, అది తనిఖీ కన్నుగప్పిందని బయటకు చెప్పింది. అలా చెప్పగలిగింది కాబట్టే పని ఎక్కడ చేయాలో స్పష్టమైంది. డిజైన్‌ను తిరగరాయాల్సిన అవసరం లేదు, తనిఖీని బిగించాలి. 2007 సెప్టెంబర్ 2న జీఎస్ఎల్‌వీ-ఎఫ్04 ఇన్శాట్-4సీఆర్‌ను తీసుకెళ్లింది. పోయిన ఉపగ్రహానికి బదులు అదే పని చేసే మరో ఉపగ్రహం, పద్నాలుగు నెలల్లోపే.

అంతకన్నా పెద్ద దెబ్బ 2010లో తగిలింది. ఒకే ఏడాది రెండుసార్లు.

క్రయోజెనిక్ ఇంజిన్ సంగతి కొంచెం తెలిస్తేనే ఆ ఏడాది అర్థమవుతుంది. మైనస్ 253 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే హైడ్రోజన్, మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే ఆక్సిజన్. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి, వేల డిగ్రీల మంట పుట్టించాలి. రష్యా ఆ పరిజ్ఞానం ఇస్తానని ఒప్పుకుంది, అమెరికా ఒత్తిడితో 1993లో వెనక్కి తగ్గింది. పరిజ్ఞానం బదులు తయారైన దశలను మాత్రం అమ్మింది. అవి వాడుకుంటూనే ఇస్రో సొంత ఇంజిన్ కోసం ఏళ్ల తరబడి కష్టపడింది. 2010 ఏప్రిల్ 15న జీఎస్ఎల్‌వీ-డీ3 ఆ సొంత ఇంజిన్‌తో తొలిసారి లేచింది.

మొదటి రెండు దశలూ చక్కగా పనిచేశాయి. క్రయోజెనిక్ ఇంజిన్ కూడా రాజుకుంది. హైడ్రోజన్‌ను ప్రధాన టర్బోపంపుకు అందించే బూస్టర్ పంపు నిమిషానికి 34 వేలకు పైగా చుట్లు తిరిగే వేగం అందుకుంది. ఆ వెంటనే వేగం తగ్గడం మొదలై రెండు సెకన్లు కూడా గడవకముందే ఆగిపోయింది. ఇంధనం అందని ఇంజిన్ ఆరిపోయింది. అది మోసుకెళ్లిన జీశాట్-4 ఉపగ్రహం పోయింది. పంపు ఎందుకు ఆగిందన్నదానికి కమిటీ రెండు అవకాశాలు చెప్పింది. ఒక సీలు దగ్గర రోటార్ పట్టేసి ఉండాలి, లేదా అధిక ఒత్తిడికీ వేడి తేడాకీ టర్బైన్ కవచం పగిలి ఉండాలి. రెండిట్లో ఏది జరిగిందో సముద్రం అడుగునున్న ఇంజినే చెప్పాలి. అందుకని ఒకదాన్ని ఎంచుకోకుండా రెండిటికీ మందు వేశారు. ఇంజినీరింగ్‌లో నిజాయతీ అంటే ఇలాగే ఉంటుంది.

ఆ ఏడాది డిసెంబర్ 25న రష్యా దశతో ఎఫ్06 లేచింది. 47.8 సెకన్లకు అదుపు తప్పింది. కొద్ది సెకన్ల తర్వాత భద్రతా అధికారులు దాన్ని గాల్లోనే పేల్చేశారు. జి. మాధవన్ నాయర్ నేతృత్వంలోని కమిటీ వెతికితే కారణం పది కనెక్టర్ల దగ్గర దొరికింది. రష్యా దశ అడుగు భాగంలో ఉన్న ఆ కనెక్టర్లు తెగిపోయాయి. పైన ఉండే కంప్యూటర్ నుంచి కింద స్ట్రాపాన్‌లకు ఆదేశాలు వెళ్లే దారి అదే. మెదడు బాగానే ఉంది, కాళ్లకు మాట అందలేదు. కనెక్టర్లు తెగడానికి కారణం ఆ దశ చుట్టూ ఉండే కవచం గాలి ఒత్తిడికి వంగడం.

ఒకే ఏడాది రెండు రాకెట్లు, రెండు వేర్వేరు కారణాలు. తర్వాత మూడేళ్లు జీఎస్ఎల్‌వీ లేవలేదు. కవచాన్ని కొత్తగా డిజైన్ చేశారు, వైర్లు వెళ్లే దారి మార్చారు. పంపులో సందుల కొలతలు సవరించారు. తమిళనాడులోని మహేంద్రగిరిలో శూన్యం లాంటి పరిస్థితి కల్పించి ఇంజిన్‌ను రాజేసి చూశారు. డీ3కి ముందు ఆ పరీక్ష చేయలేదు.

2013 ఆగస్టు 19న డీ5 సిద్ధమైంది. దేశమంతా టీవీల ముందుంది. ప్రయోగానికి 74 నిమిషాల ముందు రెండో దశ ట్యాంకు నుంచి ఇంధనం కారుతున్నట్టు తెలిసింది. ఆపేశారు. అప్పటి ఇస్రో ఛైర్మన్ కె. రాధాకృష్ణన్, షార్ డైరెక్టర్ ఎం.వై.ఎస్. ప్రసాద్, మిషన్ డైరెక్టర్ కె. శివన్ మీద అప్పుడున్న ఒత్తిడి మామూలుది కాదు. మూడేళ్ల ఎదురుచూపు, రెండు ఓటములు, వేదిక మీద ఇంధనం నిండిన రాకెట్. అయినా ఆపారు. కారిన ఇంధనం విషం, అది పడిన భాగాలను శుభ్రం చేయడమే పెద్ద పని. ట్యాంకు లోహమే కారణమని తేలింది. ఏళ్లు గడిచేకొద్దీ పగుళ్లు ఇచ్చే స్వభావం ఆ అల్యూమినియం మిశ్రమానిది. వేరే మిశ్రమంతో చేసిన ట్యాంకు పెట్టి, రెండో దశ మొత్తం మార్చారు. 2014 జనవరి 5 సాయంత్రం 4.18కి డీ5 లేచింది. పదిహేడు నిమిషాల తర్వాత 1,982 కిలోల జీశాట్-14 కక్ష్యలో ఉంది. సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో తొలి విజయం.

ఆ రోజు చప్పట్లు అందరూ చూశారు. గుర్తుపెట్టుకోవాల్సింది ఆగస్టు 19.

మూడు ఇరవై ఎనిమిదులు

సరుకు రాకెట్ కూలితే ఏమవుతుందో ప్రపంచం మొత్తం ఒకేసారి నేర్చుకున్న ఎనిమిది నెలలున్నాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉండేవాళ్లకు తిండి, నీళ్లు, విడిభాగాలు మనుషుల్లేని సరుకు నౌకల్లోనే వెళ్తాయి. 2014 అక్టోబర్ 28న అమెరికాలోని వర్జీనియా తీరంలో సిగ్నస్ నౌకతో లేచిన అంటారిస్ రాకెట్ కొన్ని సెకన్లకే వేదిక పక్కన కూలింది. 2015 ఏప్రిల్ 28న రష్యా ప్రోగ్రెస్ నౌక రాకెట్ నుంచి విడిపోయే సమయంలో దెబ్బతిని గిరగిరా తిరిగి, కొన్ని రోజులకు వాతావరణంలో కాలిపోయింది. 2015 జూన్ 28న స్పేస్ఎక్స్ డ్రాగన్‌తో లేచిన ఫాల్కన్-9 139 సెకన్లకు విచ్ఛిన్నమైంది. మూడు తేదీల్లోనూ 28 అంకె ఉండటం యాదృచ్ఛికం. మూడు వేర్వేరు తయారీదార్ల నౌకలు అంత తక్కువ కాలంలో పోవడం మాత్రం అంతరిక్ష కేంద్రం నిర్వాహకులకు నిద్ర లేకుండా చేసింది.

ఆ కేంద్రంలో ముందుచూపుతో దాచిన నిల్వలున్నాయి కాబట్టి ఎవరూ పస్తులుండలేదు. 2015 జులై 3న మరో ప్రోగ్రెస్ లేచి సరుకు చేర్చింది. మిగతా ఇద్దరు తయారీదార్లూ వేర్వేరు దారులు పట్టారు. అంటారిస్‌లో వాడింది సోవియట్ కాలంలో చేసి, తర్వాత బాగుచేసిన ఇంజిన్. దాని టర్బోపంపు దగ్గర వైఫల్యం. ఆ ఇంజిన్‌నే వదిలేశారు. ఈలోగా సిగ్నస్‌ను 2015 డిసెంబర్‌లో మరొకరి అట్లాస్ రాకెట్ మీద పంపి, కొత్త ఇంజిన్లతో అంటారిస్‌ను 2016 అక్టోబర్ 17న మళ్లీ ఎగరేశారు. స్పేస్ఎక్స్ తేల్చిన కారణం రెండో దశ ట్యాంకులో హీలియం సీసాను పట్టి ఉంచే ఒక లోహపు ఊత. మోయాల్సిన బరువులో కొంత బరువుకే అది విరిగింది. విడిభాగం లోపమని కంపెనీ అంటే, అసలు అలాంటి భాగాన్ని ఆ చోట వాడటమే డిజైన్ పొరపాటని నాసా నిపుణులు తర్వాత తేల్చారు. ఆ రెండో అభిప్రాయం కూడా బయటకు వచ్చింది. డ్రాగన్ 2016 ఏప్రిల్ 8న తిరిగి అంతరిక్ష కేంద్రానికి బయల్దేరింది.

ఆ సరుకు దారికి తెలుగు నేలతో ఓ చక్కటి బంధం ఉంది. 2022 ఫిబ్రవరి 21న సిగ్నస్ నౌక అంతరిక్ష కేంద్రం దగ్గరికి చేరితే, రోబో చేత్తో దాన్ని అందుకున్న వ్యోమగామి రాజా చారి. ఆయన తండ్రి హైదరాబాద్ నుంచి చదువు కోసం అమెరికా వెళ్లినవారు. అంతకు ఏడేళ్ల ముందు వర్జీనియా తీరంలో మంటల్లో కలిసిన నౌకకు వారసురాలు అది. టన్నుల కొద్దీ సరుకుతో నింపాదిగా వచ్చి ఆయన చేతికి చిక్కింది.

మళ్లీ శ్రీహరికోట

2021 ఆగస్టు 12 తెల్లవారుజామున 5.43కి జీఎస్ఎల్‌వీ-ఎఫ్10 లేచింది. దేశాన్ని భూస్థిర కక్ష్య నుంచి కనిపెట్టి ఉండాల్సిన ఈవోఎస్-03 అందులో ఉంది. తుపానులొస్తే తీరాన్ని తరచూ ఫొటోలు తీయగల ఉపగ్రహం. నెల్లూరు నుంచి శ్రీకాకుళం దాకా తీరంలో బతికేవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. క్రయోజెనిక్ దశ వంతు వచ్చాక ఇంజిన్ సరిగా అందుకోలేదు. 307 సెకన్ల దగ్గర కంప్యూటర్ మిషన్‌ను ఆపేసింది.

ఈసారి నేరస్థుడు ఒక వాల్వ్. హైడ్రోజన్ ట్యాంకులో ఒత్తిడి మరీ పెరిగితే కొంత వదిలేయడం దాని పని. అది కొంచెం కారింది. దాంతో ఇంజిన్ రాజుకునే వేళకు ట్యాంకులో ఉండాల్సిన ఒత్తిడి లేదు, పంపు తడబడింది. వాల్వ్‌లోని మెత్తటి సీలు దెబ్బతిని ఉండొచ్చని, లేదా మలినం చేరి, విపరీతమైన చలిలో బిగింపు ఒత్తిడికి గురై ఉండొచ్చని కమిటీ చెప్పింది. మూడు జాగ్రత్తలు సూచించింది. వాల్వ్‌ను బలంగా చేయాలి, దాని కారడాన్ని ప్రయోగానికి ముందు కంప్యూటరే కనిపెట్టాలి, ట్యాంకులో ఒత్తిడి పడిపోతే ఇంజిన్ రాజుకునేలోగా తిరిగి నింపే ఏర్పాటు ఉండాలి. మూడోది ముఖ్యం. వాల్వ్ మళ్లీ మోసం చేసినా ప్రయోగం గట్టెక్కాలన్నది దాని ఉద్దేశం. ఒక తప్పును సరిదిద్దడం ఒక ఎత్తు, అదే తప్పు మళ్లీ జరిగినా తట్టుకునేలా చేయడం ఇంకో ఎత్తు. 21 నెలలు పట్టింది. 2023 మే 29 ఉదయం 10.42కి ఎఫ్12 లేచి 2,232 కిలోల ఎన్‌వీఎస్-01ను సరిగ్గా చేర్చింది.

ఈ మధ్యలో ఇంకో కథ నడిచింది. శ్రీహరికోట కథల్లో ఇంత ఆలోచింపజేసేది మరొకటి లేదు. 2022 ఆగస్టు 7న చిన్న ఉపగ్రహాల కోసం చేసిన కొత్త రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ తొలిసారి లేచింది. అందులో ఈవోఎస్-02తో పాటు ఆజాదీశాట్ ఉంది. దేశవ్యాప్తంగా 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది ఆడపిల్లలు కలిసి చేసిన ఎనిమిది కిలోల పెట్టె అది. స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లయిన సందర్భం. మూడు ఘన ఇంధన దశలూ చక్కగా మండాయి. అయినా ఉపగ్రహాలు దక్కలేదు. 356 కిలోమీటర్ల వృత్తాకార కక్ష్య కావాల్సి ఉండగా, ఒకవైపు 356, ఇంకోవైపు 76 కిలోమీటర్లు ఉండే కక్ష్యలో పడ్డాయి. 76 దగ్గర గాలి ఉంటుంది. ఉపగ్రహాలు నిలవలేదు.

ఏం జరిగింది? రెండో దశ విడిపోయేటప్పుడు వచ్చిన కుదుపు, వేగంలో మార్పును కొలిచే సెన్సర్లను కొద్ది క్షణాల పాటు వాటి హద్దు దాటించింది. సెన్సర్లు చెడిపోలేదు. కానీ అవి చెడిపోయాయని రాకెట్ కంప్యూటర్ నిర్ణయించుకుంది. వాటి మాట వినడం మానేసి, ఆపద్ధర్మ పద్ధతిలోకి వెళ్లిపోయింది. చివరికి వేగాన్ని సరిదిద్దాల్సిన మాడ్యూల్‌కు ఆ పని చేసే అవకాశమే రాలేదు. బాగున్న కళ్లను గుడ్డివని అనుకుని మూసుకోవడంతో దారి తప్పింది. ఇక్కడ విరిగిన లోహం లేదు, కారిన వాల్వ్ లేదు. తప్పంతా నిర్ణయం తీసుకునే తర్కంలో ఉంది. లోహంలో పగులు కంటికి కనపడుతుంది, తర్కంలో పగులు కనపడదు.

దశలు విడిపోయే పద్ధతిని కుదుపు తక్కువగా ఉండేలా మార్చారు. ఎంతసేపు హద్దు దాటితే సెన్సర్ చెడినట్టు లెక్కించాలో తిరగరాశారు. ఒకవేళ సెన్సర్లు నిజంగానే పోతే మన సొంత నావిక్ ఉపగ్రహాల సంకేతాలతో దారి పట్టే ఏర్పాటు చేశారు. 2023 ఫిబ్రవరి 10 ఉదయం 9.18కి, మొదటిసారి లేచిన అదే సమయానికి, ఎస్ఎస్ఎల్‌వీ-డీ2 లేచింది. ఈసారి 450 కిలోమీటర్ల కక్ష్య. ఆడపిల్లల ఆజాదీశాట్-2 అందులో ఉంది. ఆరు నెలల మూడు రోజుల్లో ఆ పిల్లలు రెండో పెట్టె కూడా సిద్ధం చేశారు. తమ మొదటి పెట్టె ఎందుకు పోయిందో వాళ్లకు ఎవరో ఒకరు అర్థమయ్యేలా చెప్పే ఉంటారు. తరగతి గదిలో అంతకన్నా మంచి సైన్స్ పాఠం దొరకడం కష్టం.

చెప్పాల్సిన మాట

జూబ్లీహిల్స్ నుంచి బాలానగర్ పెద్ద దూరమేం కాదు. అక్కడి ఎంటార్ టెక్నాలజీస్ 1970లో మొదలై, ఇస్రో ఇంజిన్లకు కావాల్సిన సూక్ష్మమైన భాగాలు చేస్తోంది. నగరానికి ఇంకో వైపు కంచన్‌బాగ్‌లో మిధాని రాకెట్లకు ప్రత్యేక లోహాలు తయారుచేస్తుంది. స్కైరూట్, ధ్రువ స్పేస్ లాంటి కొత్త తరం కంపెనీలు పుట్టిందీ హైదరాబాద్‌లోనే. స్కైరూట్ విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచే ఎగిరింది. అంటే రాకెట్ కూలినప్పుడు ఆ బాధ ఇస్రో ఆఫీసులకే పరిమితం కాదు, ఈ నగరంలో లేత్ మెషీన్ దగ్గర నిలబడే మనిషి దాకా వెళ్తుంది. ఎందుకు కూలిందన్నది తెలుసుకునే హక్కు కూడా అంతే దూరం వెళ్తుంది.

ఇన్నాళ్లూ నమ్మకానికి మారుపేరుగా నిలిచిన పీఎస్ఎల్‌వీ విషయంలో ఈ మాట గట్టిగా అనాల్సి వస్తోంది. 1993 సెప్టెంబర్ 20న తొలి ప్రయోగంలో కూలి, ఏడాది దాటాక లేచిన రాకెట్ అది. 2017 ఆగస్టు 31న ఉష్ణకవచం తెరుచుకోక ఐఆర్ఎన్ఎస్ఎస్-1హెచ్ లోపలే ఉండిపోతే, నాలుగున్నర నెలల్లో, 2018 జనవరి 12న 31 ఉపగ్రహాలతో తిరిగి వచ్చింది. అలాంటి పీఎస్ఎల్‌వీ 2025 మే 18న సీ61 ప్రయోగంలో, మూడో దశలో ఒత్తిడి పడిపోయి ఈవోఎస్-09ను పోగొట్టుకుంది. కమిటీ వేశారు. ఆ కమిటీ ఏం తేల్చిందన్నది తర్వాతి ప్రయోగానికి ముందు పూర్తి నివేదికగా జనం ముందుకు రాలేదు. 2026 జనవరి 12న సీ62 లేచింది. ఈవోఎస్-ఎన్1తో పాటు ధ్రువ స్పేస్ సహా హైదరాబాద్ సంస్థల చిన్న ఉపగ్రహాలూ అందులో ఉన్నాయి. మళ్లీ మూడో దశలోనే రాకెట్ దారి తప్పింది.

మొదటి నివేదికను బయటపెట్టి ఉంటే రెండో రాకెట్ కూలేది కాదని ఎవరూ అనలేరు. కానీ ఎఫ్02 రెగ్యులేటర్‌ను, డీ3 పంపును, ఎఫ్06 కనెక్టర్లను, ఎఫ్10 వాల్వ్‌ను, ఎస్ఎస్ఎల్‌వీ తర్కాన్ని పేరు పెట్టి చెప్పిన సంస్థ ఇది. ఆ అలవాటే దాని బలం. బయటి నిపుణులు, విశ్రాంత ఇంజినీర్లు, వర్సిటీ ప్రొఫెసర్లు, సరఫరాదారులు ఒక నివేదికను చదివితే, లోపలివాళ్ల కళ్లు అలవాటుపడి దాటేసిన ప్రశ్న ఒకటి బయటి కళ్లకు తట్టే అవకాశం ఉంటుంది. ఫాల్కన్-9 ఊత విషయంలో నాసా చేసింది అదే.

ఇప్పుడీ మాట ఇంకా ముఖ్యం. గగన్‌యాన్‌లో మనుషులు ఎక్కేముందు మనుషుల్లేని ప్రయోగాలు చేస్తారు. మొదటి దాంట్లో వ్యోమమిత్ర అనే మనిషి ఆకారపు రోబో కూర్చుంటుంది. ఆ దారిలో ఇప్పటికే ఓ మంచి ఉదాహరణ ఉంది. 2023 అక్టోబర్ 21 ఉదయం ప్రమాదంలో వ్యోమగాములను బయటపడేసే వ్యవస్థను పరీక్షించడానికి టీవీ-డీ1 పరీక్ష రాకెట్ సిద్ధమైంది. లేవడానికి ఐదు సెకన్ల ముందు కంప్యూటర్ ఆపేసింది. అప్పటి ఛైర్మన్ ఎస్. సోమనాథ్ లైవ్‌లోనే వచ్చి ఇంజిన్ రాజుకోవడం అనుకున్నట్టు జరగలేదని, రాకెట్ క్షేమంగా ఉందని, కారణం చూసి చెబుతామని అన్నారు. కారణం దొరికింది, సరిచేశారు, ఉదయం 10 గంటలకు అది లేచి పని పూర్తి చేసింది. టీవీ ముందున్న పిల్లలకు ఆ విరామంలో ఏం జరుగుతోందో తెలుస్తూనే ఉంది.

పీఎస్ఎల్‌వీ సీ61, సీ62 మూడో దశల గురించి కూడా అంత సూటిగా, ఏ భాగం, ఎందుకు, దాన్ని ఎలా మార్చారు అన్నవి రాసిన నివేదిక తర్వాతి పీఎస్ఎల్‌వీ వేదిక ఎక్కేలోగా బయటకు రావాలి. బాలానగర్‌లో భాగాలు చేసేవాళ్లు, సరుకు పోగొట్టుకున్న కంపెనీలు, సూళ్లూరుపేటలో మేడలెక్కి చూసేవాళ్లు, అందరూ దాన్ని చదవాలి.